నాకంటే ముందే అక్కను వెతికిన మనిషి

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఎమ్మిగనూరులో నాకు మోటారు రివైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన మోటారును విప్పితే ఎక్కడ కాలిందో, ఎందుకు కాలిందో తెలుస్తుంది. ఒక్కోసారి అరగంట పడుతుంది, ఒక్కోసారి రెండు రోజులు. కారణం లేకుండా కాలిన మోటారును మాత్రం ఇంతవరకు చూడలేదు. ఆదివారం చర్చికి పోవడం తప్ప మా ఇంట్లో వేరే పట్టింపులు లేవు. తాయెత్తులూ అంత్రాలూ మా గడప తొక్కలేదు.

అందుకే మా అక్క విషయంలో జరిగినదాన్ని ఎవరికీ సరిగ్గా చెప్పుకోలేకపోయాను. నా భార్య సునీతకు ఒకసారి చెప్పాను. ఆమె అంతా విని, "నిద్ర లేక నీకు అట్ల అనిపించింటాది" అంది. నేను వాదించలేదు. జరిగింది జరిగినట్టే, వరుసగా రాస్తాను.

అక్క పేరు కరుణమ్మ. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసింది. మిషన్లకు పత్తి అందించే పని. సీజన్లో ఇంటికి వచ్చేసరికి కనుబొమలు కూడా తెల్లబడి ఉండేవి. ఎడమ చేతి చిటికెన వేలు మిషన్లో పోయింది. బావ చాలా ఏళ్ళ కిందటే చనిపోయాడు. పిల్లలు లేరు.

దగ్గు మొదలైనప్పుడు మిల్లులో అందరికీ ఉండే దగ్గే అనుకున్నాం. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చే దాకా పట్టించుకోలేదు. కర్నూలు తీసుకుపోతే డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, ఏళ్ళ తరబడి పీల్చిన దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని, అవి మళ్ళీ మెత్తబడవని చెప్పాడు. ఎన్నాళ్ళని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

అక్కను వార్డులో పదిరోజులు ఉంచారు. పక్క మంచం మీద నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె ఉండేది. డిశ్చార్జయి బస్సులో వస్తున్నప్పుడు అక్క అంది:

"ఆయమ్మ మీ ఆదోనిలో ఏముందమ్మా అని అడిగెరా. పత్తి ఉందంటి. ఇంకేముంది అనె. నాకేం తోచలే. కోట ఉందని తెలుసు, ఎక్కింది లేదు. ఏరు ఉందని తెలుసు, చూసింది లేదు."

బస్సు దిగేటప్పుడు, "నడిసే శక్తి ఉన్నప్పుడే చూపియ్యి" అంది.

అలా మొదలైంది మా తిరుగుడు. ముందు ఆదోని కోట, తర్వాత జొన్నగిరి దగ్గర అశోకుడు రాయించిన రాతలు, ఆ తర్వాత తుంగభద్ర. ఏట్లో ఒక చోట పాత రాతి మంటపం ఉందని మిల్లులో ఎవరో ఆమెకు చెప్పారట. అది చూడాలని ఆమె కోరిక. మూడే చోట్లు. మూడు ఆదివారాల్లో అయిపోతుందనుకున్నాను.

కోటకు పోయింది ముంగారు తొలకరి వానలు ఇంకా మొదలు కాని రోజుల్లో. ఆ కొండ కిందే ముప్పై ఏళ్ళు కాపురం ఉండి అక్క ఎప్పుడూ పైకి ఎక్కలేదు. ఆ రోజూ ఎక్కలేకపోయింది. ముప్పై నలభై మెట్లు ఎక్కి ఒక బురుజు గోడ నీడన కూర్చుండిపోయింది. అక్కడి నుంచి ఊరు కనిపిస్తుంది. జామియా మసీదు, స్టేషను, మిల్లుల రేకుల కప్పులు. తను పనిచేసిన మిల్లు ఏదో గుర్తుపట్టి వేలు పెట్టి చూపించింది. "ఇంత చిన్నదా అది" అంది.

నేను నీళ్ళ కోసం కిందికి దిగాను. మెట్ల మొదట్లో ఒక పెద్దాయన నన్నారి షర్బత్ బండి పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి పరిచయమున్నవాడిలా నవ్వాడు.

"ఏం భాయ్, మొన్న బేస్తవారం వస్తివి, మళ్ళ ఈ పొద్దు వస్తివి?"

"నేను కాదు చాచా. మాది ఎమ్మిగనూరు. ఈడికి రాక ఏండ్లయింది."

"నువ్వే భాయ్. షర్బత్ కలిపిస్తే వద్దని ఉత్త నీళ్ళు తాగితివి. ఆయాసం ఉన్న ఆడమనిషి ఎవురన్నా పైకి ఎక్కిందా అని అడిగితివి. చూడలేదంటి."

పెద్దాయనకు చూపు ఆనక ఇంకెవరినో నేననుకున్నాడని సరిపెట్టుకున్నాను. ఆయాసం మాట కాస్త గుచ్చుకుంది. కానీ కొండ ఎక్కేవాళ్ళలో ఆయాసం ఎవరికి రాదు? అక్కకు చెప్పలేదు.

రెండోసారి పోయింది వానలు పడ్డాక. పత్తికొండకు ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు, చివరికి ఆటో. తుగ్గలి దాటాక చేలల్లో ఎక్కడ చూసినా మనుషులే. మొదటి వానలకు నేల కడుక్కుపోయి వజ్రాలు బయటపడతాయని ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో జనం వస్తారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తలవంచుకుని మట్టి చూస్తూ తిరుగుతుంటారు. ఆటో ఆపించి అక్క కూడా ఒక చేని గట్టు మీద కాసేపు కూర్చుని చేతికందిన రాళ్ళు ఏరి చూసింది. మెరిసేదొకటి దొరికితే తుడిచి, గాజుపెంకని తెలిసి, పారేసింది.

అశోకుడి రాతలు ఉన్నది చిన్న గుట్ట మీద. పెద్ద పెద్ద గుండ్లు, వాటి నిండా అక్షరాలు. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకీ రాసి ఉంటాయని అక్కడున్న మనిషి చెప్పాడు. అక్క ఆ గుండు మీద అరచెయ్యి ఆనించి, "మడక దున్నినట్ల రాసినారు, పోయినోడు మళ్ళ తిరిగొచ్చినట్ల" అంది. అయిదో తరగతి పుస్తకంలో అశోకుడి బొమ్మ ఉండేదని, ఆ ఏడాదే తను బడి మానిందని చెప్పింది. ఆ రోజు ఆమె సంతోషంగా ఉంది. నేను అది మాత్రం బాగా గుర్తుపెట్టుకున్నాను.

ఆమెను గుండు నీడన కూర్చోబెట్టి ఆటో పిలవడానికి కిందికి వచ్చాను. గుట్ట కింది చేలో వజ్రాలు వెతుకుతున్న ఒకావిడ నడుము పట్టుకుని లేచి నన్ను చూసింది.

"ఏమన్నా, ఆయమ్మ కనపడిందా?"

"ఏ అమ్మ?"

"మొన్న అడిగితివే. చిటికెన వేలు లేని ఆయమ్మ ఈ పక్క వచ్చిందా అని. ఎండలో ఊరికే తిరుగుతాంటివి, మేమంతా అయ్యో అనుకుంటిమి."

 ఏ రోజు అని అడిగాను. నాలుగైదు రోజులైందంది. మనిషికి ఏమైందో అన్నట్టు నన్ను చూసి మళ్ళీ తలవంచుకుంది.

కోట దగ్గర మాటను కొట్టిపారేయగలిగాను. దీన్ని కొట్టిపారేయలేకపోయాను. అక్క వేలి సంగతి ఆ చేలో మనిషికి ఎలా తెలుస్తుంది? చేని గట్టు మీద కూర్చున్నప్పుడు చూసిందేమో అనుకుందామంటే మేము ఆగింది అక్కడికి రెండు మైళ్ళ ఇవతల, గుట్ట ఎక్కేటప్పుడు అక్క ఎడమ చెయ్యి కొంగు కిందే ఉంది. ఆమె కళ్ళలో హాస్యం లేదు. నిజంగా జాలిపడుతోంది.

ఇక్కడే నేను తప్పు చేశాను. భయపడ్డాను. నాలాంటి మనిషి ఎవడో మా అక్కను వెతుక్కుంటూ తిరుగుతున్నాడంటే అది దేనికి గుర్తు? మూడో చోటికి తీసుకుపోతే ఏదో జరుగుతుందనిపించింది. పోకపోతే జరగదనిపించింది. షాపులో పనుందన్నాను, బండి చెడిందన్నాను, ఏట్లో నీళ్ళు ఎక్కువున్నాయన్నాను. అక్క ఫోన్ చేసిన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పాను. అలా నెలలు గడిచాయి. ఆ నెలల్లోనే ఆమె నడక పోయింది. వానాకాలంలో గుట్ట ఎక్కిన మనిషి చలికాలానికి మంచం మీద నుంచి గుమ్మం దాకా రాలేకపోయింది.

చివరికి డిసెంబరులో, "ఏరు చూపించకుండనే పంపిస్తావా" అని అడిగింది. మరుసటి రోజే తెలిసినవాళ్ళ కారు మాట్లాడాను.

మంత్రాలయానికి ఎగువన, ఏటి ఒడ్డున ఒక చిన్న ఊరు. పేరు రాయను. అవతలి ఒడ్డు కర్ణాటక. పొద్దున పది గంటలైంది. ఎండ మెత్తగా ఉంది. నీళ్ళు రాళ్ళ మధ్య పాయలు పాయలుగా పారుతున్నాయి. నడుమ ఒక బండ మీద నాలుగు స్తంభాల మంటపం, పైకప్పు సగం లేదు. కారు దిగాక అక్కను నేనే ఎత్తుకున్నాను. పత్తి బోరెం సంచి మోసినంత బరువైనా లేదు. ఒడ్డున గుండ్రటి పుట్టి తెప్పను బోర్లించుకుని ఒక మనిషి దానికి తారు పూస్తున్నాడు. అరవై ఏళ్ళుంటాయి. పేరు హనుమంతు అని తర్వాత తెలిసింది. అడుగుల చప్పుడుకు తలెత్తి నన్ను చూశాడు. తర్వాత నా చేతుల్లో ఉన్న అక్కను చూశాడు. అతని ముఖం విచ్చుకుంది.

"దొరికిందా అప్పా, అక్క? ఈయమ్మేనా కరుణమ్మ?"

 అక్కే అడిగింది.

"నా పేరు నీకెట్ల తెలుసు నాయనా?"

"ఈయప్పే చెప్పె కదమ్మా. మొన్న మంగళారం పొద్దున ఎగువ నుంచి ఒడ్డెంబడి నడుచుకుంట వచ్చినాడు. మోకాళ్ళ దంకా తడిసినాడు. కరుణమ్మా, కరుణమ్మా అని పిలుస్తాండాడు. మా అక్క మంటపం చూడల్ల అంటాండె, ఈ పక్క వచ్చిందా అని అడిగె. లేదప్పా అంటి."

మంగళవారం నేను అక్కతోనే కర్నూలు ఆస్పత్రిలో ఉన్నాను. పొద్దున ఎనిమిదికి ఓపీ చీటీ తీసుకుని మధ్యాహ్నం రెండు దాకా వరుసలో కూర్చున్నాం. ఆ చీటీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

అక్కకూ ఆ సంగతి తెలుసు. నా ముఖం చూసింది. భయపడుతుందనుకున్నాను. ఆమె హనుమంతు వైపు తిరిగి అడిగిన మాట ఇది:

"అన్నం తిన్నాడా?"

"లేదమ్మా. మా ఇంటికాడ తినిపో అంటే వద్దనె. దోసిట్లో నీళ్ళు తాగి దిగువకు పాయె."

"ఎన్ని తూర్లయింది ఇట్ల?" అని అక్క నన్ను అడిగింది. దాచలేకపోయాను. షర్బత్ పెద్దాయన సంగతి, చేలో ఆవిడ సంగతి చెప్పాను. 

"అందుకేనా ఇన్ని నెల్లు తిప్పినావు?"

తలవంచుకున్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

హనుమంతు ఆరిన పుట్టి ఇంకొకటి దింపాడు. అక్కను నా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. మంటపం దాకా పోయాం కానీ బండ మీదికి ఎక్కించడం కుదరలేదు. నీటి నాచుకు కాలు నిలవలేదు. కదిలిస్తే ఆమెకు ఊపిరి అందడం లేదు. పుట్టిలో నుంచే చూసింది. ఒక స్తంభం మీద చేప బొమ్మ చెక్కి ఉంది. నీళ్ళలో చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచింది. ఫోనులో ఒక ఫోటో తీశాను. ఎండాకాలంలో అయితే నడిచే పోవచ్చమ్మా, అప్పుడు రండి అన్నాడు హనుమంతు. 

ఒడ్డుకు వచ్చాక అక్క అతన్ని దగ్గరికి పిలిచింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పింది.

"ఆ మనిషి మళ్ళ వస్తే నా మాటగా చెప్పు నాయనా. అక్క వచ్చింది, మంటపం చూసింది అని. ఇంక వెతకొద్దు, ఇంటికి పోయి అన్నం తిను అని చెప్పు."

"చెప్తా తల్లీ" అన్నాడు హనుమంతు. నా కళ్ళ ముందే అన్నాడు.

ఫిబ్రవరిలో అక్క పోయింది. ఆదోనిలో తన ఇంట్లోనే, మధ్యాహ్నం పూట. చివరి వారం మాట కూడా లేదు. నేను పక్కనే ఉన్నాను. ఉండి చేయగలిగింది ఏమీ లేకపోయింది. మా వాళ్ళ సమాధుల తోటలో అమ్మ పక్కన పెట్టాం.

ఆ తర్వాత నాకు పనిలో చేయి ఆడలేదు. అందరికీ ఉండే దుఃఖమే అనుకోండి. దానితోపాటు ఒక ఆశ లాంటిది కూడా పట్టుకుంది. ఏటి ఒడ్డున అక్క ఆ మనిషికని చెప్పి నా కోసమే ఒక మాట వదిలిపెట్టి పోయింది కదా, అది ఇంకొకరి నోట వినాలని. నాకు తెలిసిన మాటే. అయినా ఆమె పంపినట్టుగా నాకు చేరాలని. పిచ్చి అని తెలుసు. ఏప్రిల్లో ఒక పొద్దున బండి వేసుకుని పోయాను.

ఏరు ఎండిపోయి ఉంది. మంటపం దాకా ఇసుక మీద నడిచి పోవచ్చు. హనుమంతు పుట్టి పక్కన కూర్చుని బీడీ తాగుతున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఎవురు కావల్లప్పా?"

నేను గుర్తున్నానా అని అడిగాను. కళ్ళు చికిలించి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"డిసెంబరులో వచ్చినాం. మా అక్కను ఎత్తుకొని వచ్చింటి. నీ పుట్టిలోనే మంటపం దంకా పోతిమి."

"లేదప్పా. నిన్ను నేను చూసిందే లేదు."

డిసెంబరులో మాకంటే ముందు మంగళవారం వచ్చిన మనిషి గురించి అడిగాను. మోకాళ్ళ దాకా తడిసి, అక్క పేరు పిలుస్తూ వచ్చిన మనిషి. అలాంటివాడెవడూ రాలేదన్నాడు. ఫోను తీసి ఫోటో చూపించాను. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"పుట్టి నాదే. తెడ్డు పట్టుకున్నది నా చెయ్యే, ఈ కడియం సూడు. ఈయమ్మ ఎవురో తెల్దప్పా."

"ఆమె నీకొక మాట చెప్పింది. ఎవరన్నా వస్తే చెప్పమనింది."

"నాకెవురూ ఏం చెప్పలే" అన్నాడు. తర్వాత మెత్తగా, "కూసో అప్పా, ఎండన పడి వచ్చినావు" అన్నాడు. కూర్చోలేదు. అతని కళ్ళలో అబద్ధం కనిపించలేదు. మతిమరుపు మనిషీ కాదు. కర్ణాటక ఒడ్డు నుంచి కేక వేసిన ఇద్దరిని నా ముందే పేర్లు పెట్టి పలకరించాడు.

ఇంత జరిగాక నేను నాకు తెలిసిన పద్ధతిలోనే ఒక్కొక్కటీ విప్పి చూసుకున్నాను. నన్ను పోలిన మనిషి ఒకడు తిరిగాడనుకుందాం. అతనికి మా అక్క పేరు, వేలు, ఆమె చూడాలనుకున్న మంటపం ఎలా తెలుస్తాయి? ఎవరో ఆటపట్టించారనుకుందాం. ఒకరికొకరు తెలియని ముగ్గురు, అంత దూరం దూరం ఊళ్ళలో, ఎందుకు కలుస్తారు? చావుకు ముందు ఇలాంటివి కనిపిస్తాయని మా చర్చిలో ఒక ముసలాయన అన్నాడు. కనిపించింది నాకు కాదే, దారిన పోయేవాళ్ళకు. ఏప్రిల్లో నేను పోయిన పోకనే వాళ్ళు ముందుగా చూశారనుకుందామన్నా కుదరదు. నేను బండి మీద పోయాను. ఏరు ఎండి ఉంది, మోకాళ్ళు తడిసే నీళ్ళే లేవు. నేనెవరి పేరూ పిలవలేదు.

షర్బత్ పెద్దాయన బండి ఇప్పుడు కోట దగ్గర లేదు. ఎక్కడికి పోయాడో చెప్పేవాళ్ళు లేరు. చేలో ఆవిడది ఏ ఊరో నాకు తెలియదు. మిగిలింది హనుమంతు, రాని మనిషిని చూశానన్నవాడు వచ్చిన మనిషిని చూడలేదంటున్నాడు.  దీనికి జవాబు వెతకడం మానేశాను.

ఇప్పుడు నన్ను తినేస్తున్నది వేరే. అక్క ఆ ఏటికి వచ్చిందని తెలిసినవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను. కారు నడిపిన అబ్బాయి చెట్టు కింద పడుకున్నాడు, ఏమీ చూడలేదు. ఈ మధ్య షాపులో తీగ చుడుతూ ఉండగా నాకే అనుమానం వస్తోంది. స్తంభం మీద ఉన్నది చేప బొమ్మేనా? ఆమె నీళ్ళలో పెట్టింది కుడి చెయ్యా, ఎడమ చెయ్యా? ఫోనులో ఉన్న ఒక్క ఫోటోలో స్తంభమూ రాలేదు, ఆమె చేతులూ రాలేదు; మొన్న ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆమె వచ్చింది. పుట్టిలో నా ఒళ్ళో కూర్చుంది. మంటపం చూసింది. ఇంత మాత్రం నిజంగా జరిగింది.